పదకొండు గంటల ఎండ

తుమ్మలకుప్పంలో ఆదిమూలం నాదస్వరం వినని చెవి లేదు. కానీ ఆరేళ్లుగా అతని వీపు చూసిన కన్ను కూడా లేదు. పుత్తూరు నుంచి ఆరు మైళ్లు లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్లో పెళ్లయినా, సమర్త అయినా, వరదరాజస్వామి ఊరేగింపయినా ముందు నడిచే మేళం ఆదిమూలానిదే. తాత ఊదాడు, నాయన ఊదాడు, ఇప్పుడు తను ఊదుతున్నాడు. గుడి సేవ వాళ్లింటి హక్కు. పెళ్లిళ్లలో జుబ్బా తొడుక్కుని ఊదితే ఎవరూ అడగరు. గుళ్లో ఆ వీలు లేదు. స్వామి ముందు వాద్యం పట్టేవాడు చొక్కా విప్పి, పైబట్ట నడుముకు బిగించి నిలబడాలి. అది ఆ గుడి కట్టడి.

అతని చిక్కంతా ఆ కట్టడితోనే వచ్చింది. నలభయ్యో ఏట మోచేతి మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ లేచింది. దాని మీద తెల్లటి పొట్టు. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. మోచేతుల నుంచి నడుముకు, నడుము నుంచి పొట్టకు, వీపుకు పాకింది. చలికాలం వచ్చిందంటే మరీ అన్యాయం. పొద్దున లేచి చాప దులిపితే గుప్పెడు పొట్టు రాలేది. గోకితే నెత్తురు చుక్కలు పొడిచేవి. నొప్పి కంటే దురద ఎక్కువ, దురద కంటే సిగ్గు ఎక్కువ.

మందులకేం కొదవ లేదు. ఊరికో వైద్యుడు, వీధికో సలహా. వేపాకు రుబ్బి పూసుకున్నాడు. గంధకం నూనె రాసుకున్నాడు. సర్పదోషమన్నారని కాళహస్తికి పోయి పూజ చేయించాడు. ఎవరో ఒకాయన ఇచ్చిన నల్లటి లేపనం పూసుకుంటే ఒళ్లంతా బొబ్బలెక్కి పదిరోజులు అరిటాకు మీద పడుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆపైన మందులు మానేసి బనీను మొదలుపెట్టాడు. పగలు బనీను, పడుకునేటప్పుడు బనీను. తలంటి పోసుకునే రోజు కూడా భార్య మునిరత్నమ్మను వీపు రుద్దనివ్వక, తడిక మూసుకుని తానే నీళ్లు పోసుకునేవాడు.

గుడి సేవలో ఎన్నాళ్లని బనీను వేస్తాడు? దగ్గని ఒక ఏడు, జ్వరమని ఇంకో ఏడు, అలా ఏటా ఏదో ఒక సాకుతో నెట్టుకొచ్చాడు. కిందటి ఉత్సవంలో మూడోరోజు, గరుడవాహనం ముందు నాదస్వరం పైకెత్తి ఊదుతుంటే, చెమటకు అంటుకున్న బనీను నడుము దగ్గర పైకి లేచింది. పండక్కి వచ్చిన పొరుగూరివాళ్లెవరో చూశారు. కుండ మూతి మూయగలం గానీ ఊరి నోరు మూయలేం. ఉత్సవం ముగిసేలోపు "మేళగాడికి పెద్దరోగం, కుష్ఠంట" అనే మాట నాలుగూళ్లు తిరిగొచ్చింది. ఆ ఏడు పెళ్లి ముహూర్తాలకు సగం మంది నగరి ఊరి మేళాన్ని మాట్లాడుకున్నారు.

ధనుర్మాసంలో ఒకనాడు ధర్మకర్త గోవిందయ్య కబురు పెట్టాడు. గోవిందయ్య చెడ్డవాడు కాడు. ఆచారమంటే ప్రాణం పెట్టే మనిషి. అలాంటివాళ్లతోనే కష్టం, కోప్పడడానికి కూడా సందివ్వరు.

"ఆదిమూలం, మీ నాయన ఈ గుళ్లో ముప్పయ్యేండ్లు ఊదినాడు. ఆయన మొగం చూసి ఆరేండ్లుగా నోరు మూసుకున్నా. ఇంక నావల్ల కాదబ్బా. వైశాఖంలో ధ్వజారోహణానికి అందరి మాదిరి చొక్కా, బనీను విప్పి రా. రాలేనంటే ఇప్పుడే చెప్పు, నగరి మేళమోళ్లని పిలిపిస్తాను. ఆ పైన సేవ వాళ్లదే."

"వస్తాను సామీ," అన్నాడు ఆదిమూలం. ఇంకేమంటాడు?

విప్పి రమ్మంటే నయం చేసుకుని రమ్మనే కదా అర్థం. అతనూ అలాగే అనుకున్నాడు, మునిరత్నమ్మా అలాగే అనుకుంది. చేతిలో ఉన్నది అయిదు నెలలు. మునిరత్నమ్మ తమ్ముడు చిన్నబ్బ మేళంలో డోలు వాయిస్తాడు. వాడు తిరుపతిలో ఏదో పెళ్లికి వాయించడానికి పోయినప్పుడు, అక్కడి ఆసుపత్రిలో తోలు జబ్బులు చూసే డాక్టరమ్మ ఉందని విని వచ్చాడు. సంక్రాంతి వెళ్లిన వారానికి బావను బస్సెక్కించి తీసుకుపోయాడు. అది ఎనభై ఒకటో సంవత్సరం.

డాక్టరమ్మ పేరు జ్ఞానాంబ. యాభై దాటిన మనిషి. చొక్కా విప్పమంది. ఆదిమూలం గోడ వైపు తిరిగి విప్పాడు. ఆమె లేచి వచ్చి వీపు మీది మచ్చను ఉత్త వేలితో తడిమి, గోటితో పొట్టు గీరి చూసింది. అతను ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

"తాకొద్దమ్మా, మీకు అంటుకుంటాది."

"అంటుకునేదయితే ఈ ఊళ్లో నాకంటే ముందు ఎవరికి అంటాల? పెద్దరోగం కాదు, గజ్జీ కాదు. దీన్ని సోరియాసిస్ అంటారు. పక్కన పడుకున్నా అంటదు, నీ చెంబుతో నీళ్లు తాగినా అంటదు. అయితే ఒక మాట. వేరుతో పీకేస్తానని మాత్రం చెప్పను. తగ్గతాది. మళ్లా వస్తే మళ్లా తగ్గిస్తాం."

"వైశాఖానికి తగ్గతాదా అమ్మా?"

"చెప్పినట్టు చేస్తే చానా మటుకు తగ్గతాది. మద్రాసులో దీనికోసం మనిషి నిలబడేంత దీపాల పెట్టె ఉండాదంట. మన కాడికి ఆ పెట్టె రాలేదు. రాకపోతే ఏం, మనకి ఎండకి కరువా?"

చేయవలసిందంతా ఆమె రెండుసార్లు చెప్పింది. రోజు విడిచి రోజు తొమ్మిది గంటలకు కడుపునిండా తిని మాత్ర మింగాలి. రెండు గంటలకు ఆ మందు తోలుకు అందుతుంది. అప్పుడు, అంటే సరిగ్గా పదకొండు గంటలకు, చొక్కా విప్పి ముందు వైపు అయిదు నిమిషాలు, వీపు వైపు అయిదు నిమిషాలు ఎండ తగలనివ్వాలి. వారానికి కొంచెం కొంచెం పెంచాలి. ఎక్కువ కూర్చుంటే కాలిపోతాడు. మాత్ర మింగిన రోజు పొద్దు గుంకేదాకా నల్ల కళ్లద్దాలు తీయకూడదు.

"మాత్ర ఉత్త మాత్రే. పని చేసేది ఎండ," అంది చివర్న.

ఇంట్లో గడియారం లేదు. చిన్నబ్బ దానికొక ఉపాయం చేశాడు. పోస్టాఫీసు గోడ గడియారం ముందు నిలబడి తొడ మీద ఆదితాళం వేసుకుని లెక్కపెట్టుకొచ్చాడు. తాపీగా యాభై ఆవర్తనాలు, అంటే తాళం యాభై చుట్లు, వేస్తే అయిదు నిమిషాలు. డాక్టరమ్మ నెల తరవాత "నిమిషాలు చూసుకునేదానికి గడియారం ఉండాదా?" అని అడిగితే ఆదిమూలం "ఉండాదమ్మా, మా బామ్మర్ది" అన్నాడు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి కాసేపు పట్టింది.

తాళం బాగానే ఉంది. తప్పిందల్లా వేళ.

ఆ వీధిలో మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యన మోకాలెత్తు పిట్టగోడలు. పొద్దు పైకి వచ్చిందంటే ఆ మిద్దెలు ఆడవాళ్లవి. వడియాలు పెట్టేవాళ్లు, మిరపకాయలు తిరగవేసేవాళ్లు, చింతపండు ఆరబోసేవాళ్లు, తల ఆరబెట్టుకునేవాళ్లు. మూడు దాటేదాకా మగవాడు మెట్లెక్కితే "ఏం కావాల?" అని కిందికి దింపేస్తారు. పక్కింటి వరదమ్మ అయితే సరేసరి. వడియాలు పెట్టి పుత్తూరు సంతలో అమ్ముకునే విధవరాలు. చేతిలో కాకులను తోలే కర్ర, నోట్లో ఊరిని తోలే నాలుక. అంతమందిలో, ఆ ఎండలో, ఆరేళ్లుగా కట్టుకున్నదానికి చూపించని ఒళ్లు ఆదిమూలం చూపించగలడా?

అందుకని అతను ఒక దారి కనిపెట్టాడు. కోడికూతకే లేచి రాత్రి మిగిలిన సంగటి తిని మాత్ర మింగేవాడు. రెండు గంటలు గడిపి, తూర్పున పొద్దు పొడవగానే మిద్దె ఎక్కి చొక్కా విప్పేవాడు. అప్పటికింకా ఏ ఆడమనిషీ మెట్లెక్కి ఉండదు. చిన్నబ్బ మెట్ల మీద కూర్చుని ఆవులిస్తూ తాళం వేసేవాడు. మాత్రకూ ఎండకూ మధ్య రెండు గంటలు పెట్టమన్నారు, పెట్టాడు. అయిదు నిమిషాలన్నారు, కూర్చున్నాడు. ఎండ ఎప్పటిదైనా ఎండే కదా! పైగా ఉదయభానుడికి ఒళ్లు చూపిస్తే సర్వరోగాలూ పోతాయని తాత చెప్పేవాడు. సిగ్గుకు శాస్త్రం కూడా తోడయితే ఇంక మనిషిని ఆపేదెవరు? తనను తాను మోసం చేసుకుంటున్నానని ఆదిమూలానికి ఒక్కరోజు కూడా తోచలేదు. నల్ల కళ్లద్దాలు మాత్రం రోజంతా తీసేవాడు కాదు. ఎవరైనా అడిగితే కంట్లో పొర అనేవాడు.

మొదటి నెల మార్పు లేదు. డాక్టరమ్మ నిమిషాలు పెంచింది. రెండో నెల కూడా లేదు. శివరాత్రి వెళ్లిన తరవాత మళ్లీ తిరుపతికి పోయినప్పుడు ఆమె అతని చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"మాత్రలు మింగతా ఉండావా?"

"ఒక్కటి విడవలేదమ్మా."

"ఎండలో కూర్చుంటా ఉండావా?"

"కూర్చుంటా ఉండానమ్మా. తాళం కూడా తప్పలేదు."

"తాళం సంగతి నాకు తెలీదు గానీ, రెండు నెలలు ఈ మాత్ర మింగి ఎండ కాగినోడు సంగటి కుండ అడుగు మాదిరి నల్లబడాల. నువ్వు నలుగు పెట్టిన పెళ్లికొడుకు మాదిరి వచ్చినావు. నిజం చెప్పు, ఎన్ని గంటలకి కూర్చుంటావు?"

ఆదిమూలం చెప్పాడు. తాత మాట కూడా చెప్పాడు. ఆమె కోప్పడకుండా కుర్చీలో వెనక్కి వాలింది.

"మీ వీధిలో వడియాలు పెడతారా?"

"పెడతారమ్మా. మా పక్కింటామె పని అదే."

"ఆమె పొద్దు పొడిచే ఎండకి వడియాలు ఎండేసుకుని దిగిపోతాదా?"

ఆదిమూలం తల దించుకున్నాడు. వడియం ఎండని ఎండకు తోలుమీది జబ్బు ఎండుతుందా? ఇంత మాట రెండు నెలలుగా తన బుర్రకు ఎందుకు తట్టలేదో అప్పుడు తెలిసింది. తట్టనివ్వలేదు, అంతే.

"పొద్దుటి ఎండ దండం పెట్టుకునేదానికి మంచిదే. నీ జబ్బుకి దాంట్లో బలం చాలదు."

"ఆ వేళకి మిద్దెల మీద ఆడోళ్లు ఉంటారమ్మా."

"చల్లకొచ్చి ముంత దాచి పెట్టుకుంటే చల్ల ఎవురు పోస్తారయ్యా నీకు? పదకొండు గంటలకి కూర్చోగలిగితే మాత్రలు రాసిస్తా. లేదంటే ఈ మాత్రలు ఇంకొకరికన్నా పనికొస్తాయి."

రాయించుకుని వచ్చాడు. మళ్లీ అయిదు నిమిషాల నుంచి మొదలు. ధ్వజారోహణానికి పది వారాలు మిగిలాయి.

ఇంటికి వచ్చి మునిరత్నమ్మకు చెప్పాడు. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ అంతా విన్నది.

"గుడి కాడ నాలుగూళ్లోళ్లు సూస్తారు. ఈడ నలుగురు ఆడోళ్లు. ముందు తక్కువమందికి సూపించు."

"వరదక్క ఒక్కతే నాలుగూళ్లతో సమానం కదే."

"అయితే ఇంకా మేలు. ఒకేసారి అయిపోతాది," అంది ఆమె.

మర్నాడు పదకొండు గంటలకు ఆదిమూలం నల్ల కళ్లద్దాలతో మిద్దె ఎక్కాడు. ఎండ అప్పటికే నెత్తి మాడ్చేలా ఉంది. వరదమ్మ పిట్టగోడ పక్కన తెల్ల పంచె పరిచి గుమ్మడి వడియాలు పెడుతోంది. అవతలి మిద్దె మీద పంకజాక్షి, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, మిరపకాయలు తిరగేస్తోంది. అతను చొక్కా విప్పాడు. బనీను విప్పడానికి రెండుసార్లు చెయ్యి పోనిచ్చి రెండుసార్లు తీసేసుకున్నాడు. మూడోసారి తల మీదుగా లాగేశాడు. దాంతోపాటు కొంత పొట్టు కూడా రాలింది.

పంకజాక్షి కెవ్వుమనలేదు గానీ చేట అక్కడే వదిలి మెట్లు దిగిపోయింది. వరదమ్మ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది.

"ఏందప్పా ఆదిమూలం అది?"

"జబ్బు, అక్కా. పొలుసులు లేస్తాయి. మందేసుకుని ఎండలో కూసోమన్నారు. అంటుకోదంట."

"ఎవురు సెప్పినారు?"

"తిరపతిలో డాక్టరమ్మ."

వరదమ్మ చేతి పిండి దులుపుకుంది. పంచె నాలుగు మూలలూ పట్టుకుని వడియాలతో సహా రెండు బారలు అవతలికి లాక్కుంది.

ఎవరన్నా తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ రెండు బారల దూరం చూసి ఆదిమూలం పక్కన పడేసిన బనీను చేతిలోకి తీసుకున్నాడు. ఆ క్షణంలో గుడి వద్దు, సేవ వద్దు, మళ్లీ బనీను తొడుక్కుని చచ్చేదాకా విప్పకుండా ఉంటే చాలనిపించింది. మెట్ల మీద కూర్చున్న చిన్నబ్బకు ఇదంతా కనిపిస్తూనే ఉంది. బావ అవమానం చూడలేక వాడి తాళం పరుగు లంకించుకుంది. పెళ్లిలో తాళి కట్టే వేళ వాయించినట్టు వాయించి, మూడు నిమిషాలకే "యాభై అయిపోయిండాది బావా, దిగు" అన్నాడు.

ఆదిమూలం కదల్లేదు. ఇరవయ్యేళ్లుగా వాడి డోలుకు ఊదుతున్నవాడికి ఆ మాత్రం తెలియదా?

"దొంగ తాళం వెయ్యొద్దురా. సరిగ్గా వెయ్యి," అని వీపు తిప్పి కూర్చున్నాడు.

అలా మొదలయింది. రోజు విడిచి రోజు, పదకొండు గంటలు. మొదటివారం మిద్దెల మీద మాటలుండేవి కావు. వీధిలో మాత్రం కావలసినన్ని ఉండేవి. రెండోవారం అవతలి వీధి వాళ్లు కూడా ఏదో పని పెట్టుకుని వచ్చి చూసిపోయారు. మూడోవారానికి చూసేవాళ్లకే విసుగు పుట్టింది. ఎంత వింతయినా రోజూ అదే వేళకు అక్కడే కూర్చుంటే ఎవరు చూస్తారు? పంకజాక్షి మిరపకాయల దగ్గరికి తిరిగి వచ్చింది. మాత్రలకు వికారం పుట్టి ఆదిమూలం ఒకరోజు ఎక్కకపోతే, "ఈ పొద్దు నీ మొగుడు రాలేదేం?" అని వరదమ్మే కింది గుమ్మంలోకి తొంగిచూసి మునిరత్నమ్మను అడిగింది.

వరదమ్మది ఊరుకునే కన్ను కాదు. నాలుగోవారంలో కర్ర ఊపుతూ, "ఎడమ రెక్క కింద ఎర్రగా కందిండాది. నిమిషాలు ఎక్కవయినాయేమో సూసుకో" అంది. చిన్నబ్బ లెక్క చూసుకుంటే నిజమే, అంతకుముందు రోజు పది ఆవర్తనాలు ఎక్కువ వేశాడు. ఆదిమూలానికి ముందువైపు కనిపిస్తుంది గానీ వీపు కనిపించదు కదా. ఆ రోజు నుంచి వీపు సమాచారమంతా వరదమ్మ నోటనే. నడుము కాడ పొట్టు పోయింది, తోలు నున్నగా వచ్చిండాది, మెడ కింది మచ్చ నల్లబడింది అని ఆమె చెప్పేది, అతను సంతోషంగా వినేవాడు. వడియాల పంచె తన పాత చోటికి ఏ రోజు తిరిగి వచ్చిందో అతను గమనించనే లేదు.

ఉగాది దాటిన తరవాత ఒకనాడు వరదమ్మ బావి దగ్గర మునిరత్నమ్మను పట్టుకుని ఆ వీపు సంగతి వర్ణించి చెప్పింది. మునిరత్నమ్మ బిందె అక్కడే పెట్టి ఇంటికి వచ్చి, తిన్నగా మిద్దె ఎక్కి మొగుడి వెనక నిలబడింది. ఆరేళ్ల తరవాత చూడటం.

"వీధికంతా సూపించినావు. నాకు సూపించేదానికి ఏమొచ్చింది నీకు? నేనేమన్నా ఎంచుతానా?" అని అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆ పైన శనివారం ఆమె కొబ్బరినూనె గిన్నె పట్టుకుని వస్తే ఆదిమూలం తడిక మూసుకోలేదు.

చైత్రం ముగిసేసరికి డాక్టరమ్మ అన్నట్టే సంగటి కుండ అడుగులా నల్లబడ్డాడు. పొట్ట, రొమ్ము, చేతులు శుభ్రమయ్యాయి. మచ్చలున్న చోట గోధుమరంగు నీడలు మిగిలాయి, అవి ఆ నలుపులో కలిసిపోయాయి. వీపు మీద మాత్రం రెండు మొండికేశాయి. ఎడమ రెక్క కింద అరచేయంతది ఒకటి, నడుము మడత పైన ఇంకోటి. ఎర్రగా, పొట్టు లేస్తూ అలాగే ఉన్నాయి. డాక్టరమ్మ చూసి ఇంకో నెల పడుతుందంది. పండగ ఇంకో వారమే ఉందన్నాడు. అయితే నిమిషాలు పెంచుకోవచ్చా అని అడిగాడు.

"ఎండని తొందరపెడితే నిన్ను కాలుస్తాది. ఉన్న రెండుటికోసం పోయిన ఇరవైని మళ్లా తెచ్చుకుంటావా?"

ఇంటికి వచ్చి, డాక్టరమ్మ చూడటానికి వస్తుందా అని ఒక గంట కూర్చోవాలనుకున్నాడు కూడా. చిన్నబ్బ లెక్క పూర్తికాగానే మెట్ల మీద నుంచి లేచి వచ్చి చొక్కా అతని మీద వేశాడు.

ఉత్సవం మొదలయ్యే ధ్వజారోహణం నాడు పొద్దున్నే ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఆదిమూలం చొక్కా తొడుక్కున్నాడు. గుడి దగ్గర విప్పుతానన్నాడు. మునిరత్నమ్మ గుమ్మంలో చెయ్యి చాపింది. విప్పి ఇచ్చాడు. ఒంటి మీద పంచె, నడుముకు పట్టు కండువా, చేతిలో నాదస్వరం. వీధి పొడుగునా నడిచి పోతే ముగ్గులు వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు, పాలు పితికేవాళ్లు పితుకుతూనే ఉన్నారు. తుమ్మలకుప్పానికి అది పాత వీపు అయిపోయింది. కానీ గుడి దగ్గర ఉన్నది తుమ్మలకుప్పం ఒక్కటే కాదు. బండ్లు కట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చాయి. కిందటేడు మాట పుట్టించినవాళ్లూ వచ్చే ఉంటారు.

ఆదిమూలం మండపంలో స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఉత్సవం పది రోజులూ అలాగే ఏదో ఒక స్తంభమో గోడో చూసుకుని నిలబడితే గట్టెక్కిపోవచ్చని లెక్క వేసుకున్నాడు.

ధ్వజం ఎత్తేముందు వాద్యగాళ్లకు గంధం పూసి సేవకు పిలవడం ఆ గుడి మర్యాద. పూయవలసింది ధర్మకర్త తన చేత్తోనే. గోవిందయ్య వెండి గిన్నె పట్టుకుని వచ్చాడు. ఆదిమూలాన్ని ఎగాదిగా చూశాడు. నల్లగా నిగనిగలాడే రొమ్ము, శుభ్రమైన చేతులు. ముసలాయన మొహం విప్పారింది.

"పరవాలేదబ్బా! మీ నాయన పేరు నిలబెట్టినావు," అని గిన్నెలో చెయ్యి ముంచి రొమ్మంతా పూశాడు. రెండు భుజాలకూ పూశాడు. "ఊ, తిరుగు," అన్నాడు.

వీపుకు పూయకపోయినా సేవ ఆగదు. వేళవుతోంది సామీ, చాలు అంటే ఆయన సరే అని చిన్నబ్బ దగ్గరికి పోయేవాడు. ఆ మాట ఆదిమూలం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మళ్లీ దాచడమా? ఇన్ని వారాలు పదకొండు గంటల ఎండలో కూర్చుని, మళ్లీ స్తంభం చాటునా? అతనికి తన మీద తనకే రోత పుట్టింది. స్తంభాన్ని వదిలి రెండడుగులు ముందుకు వచ్చి, వీపు తిప్పి నిలబడ్డాడు.

వెనక గాజుల చప్పుడు ఆగింది. పొరుగూరివాళ్లలో గుసగుస లేచింది. గోవిందయ్య చెయ్యి రాలేదు.

"ఇంకా ఉండాయే?"

"ఉండాయి సామీ, రెండు," అన్నాడు ఆదిమూలం తల తిప్పకుండా. "అంటుకునేవి కాదు. పోతాయో, ఉంటాయో, పోయినవి మళ్లా వస్తాయో డాక్టరమ్మకే తెలీదు. నయం చేసుకోమని మీరు అడగలేదు. విప్పి రమ్మన్నారు. విప్పి వచ్చినాను. ఆ పైన మీ ఇష్టం."

ముందు ధ్వజస్తంభం, దాని మీద ఎండ. వెనక ఏం జరుగుతోందో అతనికి కనిపించదు. ఆయన గిన్నె పట్టుకుని వెళ్లిపోయాడా, నగరి వాళ్లకు కబురు చేయమని సైగ చేశాడా? ఆడవాళ్ల గుంపులోంచి వరదమ్మ గొంతు ఖంగుమంది.

"మాకు తెలిసినవేలే సామీ అవి. ముహూర్తం దాటతా ఉండాది, పుయ్యండి!"

ఎవరో నవ్వారు. అప్పుడు ఎడమ రెక్క కింద చల్లగా తగిలింది. ముసలాయన అరచెయ్యి పూర్తిగా ఆనించి పూశాడు. మచ్చను తప్పించుకుని పక్కనుంచి పోలేదు. దాని మీదుగానే పోయి, నడుము మీదికి దిగి, అక్కడున్న రెండోదాని మీద కూడా గంధం మెత్తాడు.

"నా చేతికేమన్నా వచ్చిందనుకో, నిన్ను ఊరికే వదల్ను," అన్నాడు గోవిందయ్య నెమ్మదిగా.

"రాదు సామీ."

చిన్నబ్బ డోలు ఎత్తుకున్నాడు. ఆదిమూలం నాదస్వరం నోట పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊపిరి నిలవక మొదటి స్వరమే పగిలి గీపెట్టింది. ఇన్నేళ్లలో ఆ గుళ్లో అంత అపస్వరం అతని వాద్యంలో ఎవరూ వినలేదు.

గోవిందయ్య మొహం చిట్లించాడు. "ఏందబ్బా ఆ ఊదడం? మీ నాయనుంటే చెవి మెలిపెట్టేవాడు. సరిగ్గా ఊదు!"

ఆరేళ్ల తరవాత ఆ గుళ్లో ఒకరు అతని ఒంటికి కాక వాద్యానికి తప్పు పట్టారు. ఆదిమూలం మోచేత్తో కళ్లు తుడుచుకుని, నిండా ఊపిరి తీసి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.